సియాటిల్ రోడ్ల పన్ను, వాతావరణ తీర్మానాలు

సియాటిల్ నగర కౌన్సిల్‌కు కరెంటు వల్ల కలిగే కాలుష్యం గురించి తల పట్టుకోవలసిన అవసరం పెద్దగా లేదు. నగరానికి విద్యుత్తు సరఫరా చేసే సిటీ లైట్ నగరానికే చెందిన సంస్థ. దాని విద్యుత్తులో అధిక భాగం స్కాజిట్ నది మీద ఉన్న రాస్, డయాబ్లో, గోర్జ్ ఆనకట్టల నుంచి, రాష్ట్రానికి ఈశాన్య మూలన ఉన్న బౌండరీ ఆనకట్ట నుంచి, ఇలా నీటి నుంచే వస్తుంది. 2005 నుంచే తమ సరఫరా కర్బన తటస్థమని, అంటే నికరంగా కర్బన ఉద్గారాలు సున్నా అని ఆ సంస్థ చెప్పుకొంటోంది. అందువల్ల, మిగతా నగరాలు బొగ్గు కేంద్రాలను మూసివేసి సాధించే తగ్గింపులో ఇక్కడ సాధించడానికి మిగిలింది స్వల్పమే. ఇక ప్రధానంగా మిగిలేవి రెండు: ఇళ్లను, కార్యాలయాలను వెచ్చబరిచే సహజవాయువు, రోడ్ల మీద తిరిగే వాహనాలు. నగరం వేసుకొనే ఉద్గారాల లెక్కలో సగానికి పైగా వాటా రవాణాదే.

ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే ఈ ఊరి రాజకీయాలలో చాలా సంగతులు తేలిగ్గా అర్థమవుతాయి. ఇక్కడ వాతావరణం గురించి మాట ఇవ్వడమంటే రోడ్ల డబ్బును ఎలా పంచుతారో మాట ఇవ్వడమే. అయితే మాట ఇచ్చే కాగితం వేరు, డబ్బు పంచే కాగితం వేరు. 2024లో కౌన్సిల్ రవాణా పన్ను మీద నెలల తరబడి జరిపిన చర్చను గమనించిన తరువాత, ఆ రెండు కాగితాలకూ మధ్య ముడి వేసే వాక్యం ఒక్కటి కూడా లేదన్న అభిప్రాయం నాలో బలపడింది.

మాటల కాగితాలకు కొదవ లేదు. 2050 నాటికి నగరాన్ని కర్బన తటస్థం చేస్తామని కౌన్సిల్ 2011లో తీర్మానించింది, 2013లో దానికి కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. 2019 ఆగస్టులో గ్రీన్ న్యూ డీల్ పేరుతో మరో తీర్మానం చేసి, గడువును ఏకంగా 2030కి ముందుకు జరిపింది. పదకొండేళ్లలో నగరం వాతావరణ కాలుష్యం నుంచి పూర్తిగా బయటపడాలన్నది దాని సారాంశం. తీర్మానం చేసిన రోజున సభలో హర్షధ్వానాలు వినిపిస్తాయి, పత్రికల్లో ఫొటోలు వస్తాయి. చట్టం కాదు కనుక దాన్ని మీరారని ఎవరినీ బోనెక్కించలేరు. అది తప్పని నేను అనడం లేదు, దిశ చెప్పడానికి తీర్మానాలు అవసరమే. కాని 2030 అన్నది ఇప్పుడు దూరపు సంవత్సరం కాదు, ఈ రోజు తారు వేసిన వీధిని మళ్లీ తవ్వే లోపే వచ్చేస్తుంది.

డబ్బు కాగితం సంగతికి వద్దాం. సియాటిల్‌లో రోడ్లకు, వంతెనలకు నిధులు ఎలా వస్తాయో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మన ఊళ్లలో మునిసిపాలిటీ బడ్జెట్‌లో రోడ్లకో పద్దు ఉంటుంది, చాలకపోతే రాష్ట్రం నుంచి గ్రాంటు వస్తుంది. ఇక్కడ ఆస్తి పన్ను రాబడిని, కొత్త కట్టడాల వాటాను మినహాయిస్తే, ఏడాదికి ఒక్క శాతానికి మించి పెంచుకొనే అధికారం కౌన్సిల్‌కు లేదు. ఈ పరిమితిని 2001లో ఓటర్లే ఒక ఇనీషియేటివ్ ద్వారా, అంటే సంతకాలు సేకరించి నేరుగా ఓటుకు పెట్టే చట్టం ద్వారా విధించారు. 2007లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేస్తే, కొద్ది వారాలకే శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై మళ్లీ నిలబెట్టింది. ధరలు, కూలీలు ఒక శాతం కంటే ఎక్కువగా పెరుగుతున్న ప్రతి సంవత్సరం నగరం కొనుగోలు శక్తి కొంత కరిగిపోతుంది. ఆ లోటును పూడ్చుకోవడానికి మిగిలిన ప్రధాన దారి, నిర్దిష్ట కాలానికి అదనపు పన్ను కావాలని ఓటర్లను అడగడం. దానినే ఇక్కడ లెవీ అంటారు. 2006లో తొమ్మిదేళ్లకు 36.5 కోట్ల డాలర్లు, 2015లో మరో తొమ్మిదేళ్లకు 93 కోట్ల డాలర్లు, 2024లో ఎనిమిదేళ్లకు 155 కోట్ల డాలర్లు, ఇలా ఒక లెవీ ముగిసే సరికి ఇంకొకటి.

పెట్రోలు పన్ను ఉంది కదా అని మొదట్లో నేనూ అనుకున్నాను. కాని 1944లో వాషింగ్టన్ రాష్ట్ర రాజ్యాంగానికి చేసిన పద్దెనిమిదవ సవరణ ప్రకారం ఆ డబ్బు రహదారులకే చెందుతుంది, బస్సు నడపడానికి అందులో నుంచి పైసా తీయకూడదు. అంటే కారు నింపుకున్న ప్రతిసారీ చెల్లించే పన్ను కార్ల దారికే తిరిగి వెళుతుంది, బస్సుకు డబ్బు కావాలంటే నగరం వేరే చోట వెతుక్కోవాలి. ఎనభై ఏళ్ల కిందట, ఉద్గారాలన్న ఆలోచనే లేని రోజుల్లో రాసిన వాక్యం ఈనాటి వాతావరణ లక్ష్యాల చేతులు కట్టివేస్తోంది. తీర్మానాలు చదివేవారికి ఈ సవరణ సంగతి ఎవరూ చెప్పరు.

వంతెనల కథ ఇంకా కష్టమైనది. 2020 మార్చి 23న వెస్ట్ సియాటిల్ వంతెనను పగుళ్ల కారణంగా ఉన్నపళంగా మూసివేశారు. 1984లో తెరిచిన ఆ వంతెన నగరంలో అత్యంత రద్దీ గల వాటిలో ఒకటి. ఆ పక్కన ఉండేవారు రెండున్నరేళ్ల పాటు, అంటే 2022 సెప్టెంబరు దాకా, చుట్టుదారిలో తిరిగారు. వంతెన మూసిన 2020లోనే నగర ఆడిటర్ ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. వంతెనల నిర్వహణకు ఏటా కనీసం 3.4 కోట్ల డాలర్లు కావలసి ఉండగా, అంతకుముందు పద్నాలుగేళ్లలో సగటున ఖర్చు పెట్టింది 66 లక్షల డాలర్లు మాత్రమే. అయిదో వంతు కూడా కాదు. ఈ లెక్క చదివిన తరువాత 2024 లెవీలో వంతెనలకు 22 కోట్ల డాలర్లు ఎందుకు కేటాయించారో ఎవరికీ వివరించనక్కరలేదు. వాతావరణం మీద ఎంత మక్కువ ఉన్నవారైనా కూలబోయే వంతెనను వదిలి సైకిలు దారి వేయమని అడగలేరు, పైగా ఆ వంతెన మీద నుంచి బస్సులూ వెళ్లాలి.

ఇక 2024 చర్చ. ఆ ఏడాది జనవరిలో కొలువుదీరిన కౌన్సిల్‌లో తొమ్మిది మంది సభ్యుల్లో ఎక్కువ మంది కొత్తవారే. ఏప్రిల్‌లో వారు రాబోయే ఇరవై ఏళ్లకు రవాణా ప్రణాళికను ఆమోదించారు. కార్ల మీద ఆధారపడడం తగ్గించి, నడక, సైకిలు, బస్సు పెంచాలన్నది దాని ధోరణి. దాదాపు అదే సమయంలో అప్పటి మేయర్ బ్రూస్ హారెల్ 135 కోట్ల డాలర్ల లెవీని ప్రతిపాదించారు, తక్కువని విమర్శలు రాగా నెల తిరగకుండానే 145 కోట్లకు పెంచారు. కౌన్సిల్ రవాణా కమిటీకి అధ్యక్షత వహించిన రాబ్ సాకా ఆధ్వర్యంలో మరో 10 కోట్లు కలిసి 155 కోట్లయింది. ఇంకా పెంచి, ఆ పెంపును నడకకు, సైకిళ్లకు ఇవ్వాలన్న ప్రయత్నం నెగ్గలేదు. జులైలో కౌన్సిల్ ఏకగ్రీవంగా ఆమోదించి ఓటర్లకు పంపింది, నవంబరులో మూడింట రెండు వంతుల మంది సరే అన్నారు. సియాటిల్ చరిత్రలో ఇంత పెద్ద లెవీ అంతవరకూ లేదు. మధ్యరకం ఇంటి యజమాని మీద ఏడాదికి సుమారు 500 డాలర్ల భారం పడుతుందని లెక్క. అద్దె ఇళ్లలో ఉండేవారికి అది బిల్లుగా రాదు, మరుసటి ఏడు అద్దెలో కలిసి వస్తుంది.

నేను ఓటు వేయలేదు, వేసే హక్కు లేదు. వీసా మీద ఉండి పన్ను కట్టేవాళ్లం ఈ నగరంలో వేలమందిమి ఉన్నాం. అయితే కౌన్సిల్ సమావేశంలో మాట్లాడడానికి పౌరసత్వం అడగరు. పేరు నమోదు చేసుకుంటే చాలు, మైకు ముందు నిలబడి ఒకటి రెండు నిమిషాలు చెప్పుకోవచ్చు, ఫోన్‌లోనూ చెప్పవచ్చు. ఎదురుగా గడియారం అంకెలు తగ్గుతూ ఉంటాయి. ఆ కాస్త సమయంలో ఒకాయన తన వీధి చివర గుంత గురించి చెబుతాడు, ఆయన వెనుక వచ్చిన విద్యార్థిని భూతాపం గురించి చెబుతుంది, ఆ తరువాత వచ్చిన లారీల ప్రతినిధి రేవుకు వెళ్లే దారి గురించి చెబుతాడు. సభ్యులు ముగ్గురికీ ఒకే తీరుగా ధన్యవాదాలు చెబుతారు. వినేవారికి మాత్రం గుంత గురించి చెప్పిన మాటే గుర్తుండిపోతుంది, ఎందుకంటే దానిని పూడ్చారో లేదో వచ్చే వారం చూడవచ్చు.

ఆ 155 కోట్లను విభజించిన తీరు చూడండి. వీధుల నిర్వహణకు, పునర్నిర్మాణానికి దాదాపు 40 కోట్లు, అదే అన్నిటికంటే పెద్ద పద్దు. తరువాత వంతెనలు, ఆ వెనుక కాలిబాటలు, ప్రమాదాల నివారణ, బస్సు మార్గాలు, సైకిలు దారులు, సిగ్నళ్లు. 'వాతావరణం' అన్న మాటను శీర్షికలో పెట్టుకున్న పద్దుకు దక్కింది సుమారు 7 కోట్లు, అంటే మొత్తంలో అయిదు శాతం లోపు. దీనిని చూపించి కౌన్సిల్ వాతావరణాన్ని గాలికి వదిలేసిందని అనేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. చెట్లు నాటడం, విద్యుత్ వాహనాలకు చార్జింగ్ ఏర్పాట్ల వంటివి ఉన్న ఆ 7 కోట్ల పద్దు కంటే బస్సు మార్గాల 15 కోట్లు, కాలిబాటల 19 కోట్లు ఉద్గారాలను ఎక్కువగా తగ్గించగలవు. శీర్షికలో ఆ మాట లేకపోవచ్చు, కాని జనం కారు తాళాలు ఇంట్లో వదిలేయాలంటే కావలసినవి అవే. నా ఫిర్యాదు వేరు. ఏ పద్దు వల్ల ఎంత ఉద్గారం తగ్గుతుందో చెప్పాలన్న నియమం ఏదీ కంటబడదు. ఎన్ని బ్లాకుల (రెండు కూడళ్ల మధ్య వీధి భాగాల) కాలిబాట వేశారో, ఎన్ని మైళ్లు తారు పోశారో లెక్క అడిగే పర్యవేక్షణ కమిటీ ఉంది. 2030 తీర్మానానికి గ్రీన్ న్యూ డీల్ పర్యవేక్షణ బోర్డు ఒకటి ఉన్నా, అది సలహాలిచ్చేదే.

కాలిబాటల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. సియాటిల్‌లో ఉత్తర 85వ వీధి దాటగానే ఊరి స్వరూపం మారిపోతుంది. ఆ పైభాగం 1950లలో నగరంలో కలిసింది. అంతకుముందు కౌంటీ (జిల్లా) నిబంధనల కింద కట్టిన ఇళ్లు కనుక చాలా వీధులకు కాలిబాటే లేదు. నేను ఉండేది అక్కడే. తారు రోడ్డు అంచు దాటితే కంకర, దాని పక్కన నీరు పోవడానికి పల్లపు కాలువ, ఆ కంకర మీదే నిలిపి ఉంచిన కార్లు. మా నాన్నగారు నరసరావుపేట నుంచి వచ్చి మా దగ్గర ఉన్న వేసవిలో రోజూ పొద్దున్నే నడకకు బయలుదేరేవారు. కార్లు ఆపిన చోట ఆయన రోడ్డు మధ్యకు రావలసి వచ్చేది, ఎదురుగా వచ్చే బండిని చూసి మళ్లీ రెండు కార్ల సందులోకి తప్పుకొనేవారు. "అమెరికాలో కూడా నడిచేవాడికి దారి లేదట్రా?" అని అడిగారు. బస్సు ఆగే చోటు మా ఇంటి నుంచి ఏడెనిమిది నిమిషాల నడకే. చీకటి పడ్డాక, వాన కురుస్తుండగా ఆ కంకర మీద నడవడం కంటే కారు తీయడమే నయమని ఆయనా అన్నారు, నేనూ అలాగే చేస్తున్నాను. వానాకాలం ఇక్కడ అక్టోబరులో మొదలై వసంతం దాకా సాగుతుంది. బస్సు సమయానికి వచ్చినా, దాని దాకా చేర్చే నాలుగు వందల గజాలు లేకపోతే ఆ బస్సు మా వీధికి లేనట్టే.

అందుకే ఈ లెవీలో కొత్తగా 350 బ్లాకుల మేర కాలిబాటలు వేస్తామన్న హామీ నాకు 2019 తీర్మానం కంటే విలువైనదిగా కనిపించింది. నగరంలో దాదాపు నాలుగో వంతు వీధులకు కాలిబాట లేదన్న సంగతితో పోల్చితే అది చాలదు, అయినా చేసి చూపించగల హామీ. నగరపు దక్షిణ భాగం మరో లోకం, అక్కడి బాధ వేరు. అక్కడ కాలిబాటలు ఉన్నా రోడ్లు వెడల్పు, వేగం ఎక్కువ, నడిచేవాళ్ల చావులు ఎక్కువ. 2030 నాటికి రోడ్డు మరణాలు ఉండకూడదని నగరం 2015లోనే లక్ష్యం పెట్టుకుంది. తెలుగువారికి సియాటిల్ పేరు చెబితే 2023 జనవరిలో డెక్స్టర్ అవెన్యూ దగ్గర రోడ్డు దాటుతూ పోలీసు వాహనం ఢీకొని చనిపోయిన కర్నూలు జిల్లా విద్యార్థిని గుర్తుకొస్తుంది. గంటకు 25 మైళ్ల వేగ పరిమితి ఉన్న వీధిలో ఆ వాహనం 74 మైళ్ల వేగం అందుకుంది. అది పోలీసుల జవాబుదారీకి సంబంధించిన విషయం, లెవీ డబ్బుతో సరిదిద్దగలిగింది కాదు, రెంటినీ కలిపి మాట్లాడడం ఆ అమ్మాయికి న్యాయం చేయడమూ కాదు. అయితే ఆ తరువాత ఇక్కడి తెలుగు ఇళ్లలో పిల్లలను నడిచి వెళ్లమని చెప్పడానికి తల్లిదండ్రులు జంకారన్నది నేను చూసిన సంగతి.

హామీలు నిలబెట్టుకోవడంలో పాత అనుభవం అంత గొప్పది కాదు. 2015 లెవీ అప్పుడు ఏడు బస్సు మార్గాలను ర్యాపిడ్‌రైడ్ (తరచుగా, వేగంగా నడిచే బస్సుల) స్థాయికి పెంచుతామన్నారు. 2018కి వచ్చేసరికి వేసుకున్న అంచనాలు తక్కువని, ఆశించిన ఫెడరల్ నిధులు రాలేదని తేలి, మొత్తం ప్రణాళికను తిరగరాయవలసి వచ్చింది. చివరికి ఆ ఏడింటిలో ర్యాపిడ్‌రైడ్ పేరుకు దక్కినవి మూడే: డెల్‌రిడ్జ్ వైపు వెళ్లే హెచ్ మార్గం 2023లో, మాడిసన్ వీధి జీ మార్గం 2024 సెప్టెంబరులో మొదలయ్యాయి, జే మార్గం పనులు ఆ తరువాత మొదలయ్యాయి.

ఆ జీ మార్గం ఒక్కసారైనా ఎక్కి చూడదగినది. సముద్రతీరం నుంచి మాడిసన్ వీధి నిటారుగా కొండెక్కుతుంది. బస్సుకు రెండు వైపులా తలుపులు ఉంటాయి, కొన్ని స్టాపులు రోడ్డు మధ్యలో, కొన్ని పక్కన ఉండడమే అందుకు కారణం. పగటివేళ ఆరు నిమిషాలకు ఒక బస్సు అన్నది లక్ష్యం, టైంటేబుల్ చూడకుండా వెళ్లి నిలబడవచ్చు. ఇందులో ఒక తిరకాసు ఉంది. సియాటిల్‌లో తీగల మీద నడిచే ట్రాలీ బస్సులు 1940 నుంచి ఉన్నాయి, ఈ మార్గాన్ని కూడా మొదట వాటితోనే నడపాలనుకున్నారు. ఆ వాలు ఎక్కగల శక్తి, ఎడమ వైపు తలుపులు, అరవై అడుగుల పొడవు, ఈ మూడూ కలిసిన ట్రాలీ బస్సును తయారుచేసి ఇచ్చేవారు దొరకలేదు. చివరికి డీజిల్, విద్యుత్తు కలిసిన హైబ్రిడ్ బస్సులు వచ్చాయి. నీటి విద్యుత్తు పుష్కలంగా ఉన్న ఊరిలో కొత్త బస్సు మార్గం డీజిల్‌తో నడుస్తోందని కొందరు ఎగతాళి చేశారు. నా లెక్క వేరు. ఆ బస్సు నిండితే ఖాళీ అయ్యే కార్లు ఎన్నో చూడాలి, దాని ట్యాంకులో ఏముందన్నది ఆ తరువాతి ప్రశ్న. మార్గం స్థిరంగా ఉంటే బస్సును రేపు మార్చుకోవచ్చు.

వాతావరణం కోసమని ప్రత్యేకంగా పెట్టుకున్న డబ్బు గతి ఏమైందో కూడా చెప్పుకోవాలి. 2020లో కౌన్సిల్ జంప్‌స్టార్ట్ పేరుతో పెద్ద సంస్థల జీతాల చెల్లింపుల మీద పన్ను వేసింది. మొదట్లో లక్షన్నర డాలర్లు దాటిన జీతాల మీద సంస్థలే కట్టాలన్నారు. సౌత్ లేక్ యూనియన్ ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్ల జీతాలు ఆ పన్నుకు ఆధారంలో భాగమే, చాలామందికి ఆ సంగతి తెలియదు. రాబడిలో 9 శాతం గ్రీన్ న్యూ డీల్ పనులకు అని చట్టంలో రాసుకున్నారు. కోవిడ్ తరువాత బడ్జెట్‌లో లోటు రావడంతో ఏటికేడు అందులో నుంచి సాధారణ ఖర్చులకు మళ్లించడం మొదలైంది. 2024 చివరలో ఆ వెసులుబాటును శాశ్వతం చేశారు. లోటు నిజమే. కాని తీర్మానంలోని 2030 గడువును మాత్రం ఎవరూ సవరించలేదు.

అదే బడ్జెట్ సమయంలో ఒక సభ్యుడు డెల్‌రిడ్జ్ వీధిలో ఎనిమిది అంగుళాల ఎత్తున్న సిమెంటు అంచును తీసివేయడానికి 20 లక్షల డాలర్లు కోరారు. హెచ్ మార్గం కోసం వేసిన ఆ అంచు వల్ల కార్లు ఒక పిల్లల బడిలోకి ఎడమ వైపు తిరగలేకపోతున్నాయన్నది ఆయన వాదన. కుటుంబాల ఇబ్బంది పట్టించుకోదగినదే. అయితే ఒక పక్క బస్సుకు దారి ఇవ్వడానికి డబ్బు, మరో పక్క ఆ దారి కోసమే వేసిన అంచును తీయడానికి డబ్బు ఒకే సభ ముందుకు వచ్చాయి. వాతావరణ లక్ష్యం చివరికి అంత ఎత్తులోనే తేలుతుంది.

ఇక రాబోయేది బస్సుల పన్ను. బస్సులు నడిపేది కింగ్ కౌంటీ మెట్రో, నగరం అదనపు ట్రిప్పులు కొనుక్కుంటుంది. 2014లో కౌంటీ అంతటికీ పెట్టిన ప్రతిపాదన ఓడిపోతే, సియాటిల్ ఒంటరిగా ఓటుకు వెళ్లి గెలిచింది. అప్పుడు వంద డాలర్లకు పది సెంట్ల అమ్మకపు పన్నుతో పాటు కారుకు ఏడాదికి 60 డాలర్ల రుసుము ఉండేది. 2020లో ఆ రుసుము పోయింది, ఎందుకంటే కారు రుసుములన్నిటినీ 30 డాలర్లకు కుదించాలన్న ఇనీషియేటివ్ 2019లో రాష్ట్రమంతటా గెలిచి అప్పటికి కోర్టులో నలుగుతోంది. కోర్టు దాన్ని కొట్టివేసింది 2020 అక్టోబరులో, అప్పటికే నవంబరు బ్యాలెట్‌కు ప్రతిపాదన ఖరారై ఉంది. అలా మిగిలినది వంద డాలర్లకు పదిహేను సెంట్ల అమ్మకపు పన్ను. దాని గడువు 2027లో తీరుతుంది. అమ్మకపు పన్ను పేదవాడి మీదే ఎక్కువ భారం మోపుతుంది, కిరాణా సరుకులకు మినహాయింపు ఉన్నా సరే. కారు రుసుము అలా కాదు, కారు ఉన్నవాడే కడతాడు. ఈసారి కౌన్సిల్ ఆ రుసుమును తిరిగి తేవాలని, కొన్న ప్రతి బస్సు ట్రిప్పు వల్ల ఎన్ని కారు ప్రయాణాలు తగ్గాయో ఏటా లెక్క ప్రకటించాలని ఆర్డినెన్సులోనే (నగర చట్టంలోనే) రాయాలని నేను కోరుకుంటున్నాను. బహిరంగ వ్యాఖ్యల సమయంలో చెప్పడానికి ఈ రెండు కోరికలూ నోట్ చేసి పెట్టుకున్నాను. బాథెల్, రెడ్మండ్ నుంచి రోజూ సియాటిల్‌కు కారులో వచ్చే మన మిత్రులు కూడా ఫోన్ చేసి మాట్లాడవచ్చు.